రివర్స్-ఫార్వర్డ్ ప్యానెల్‌కు కాంటాక్టర్లు ఎలా ఎంచుకోవాలి?

"పది హెచ్.పి. మోటారండీ, అటూ ఇటూ తిరగాలి. ఎన్ని ఆంప్స్ కాంటాక్టర్ కొనమంటారు?"

రాయగడలో ప్యానెళ్లు కట్టుకుని బతికే నాకు ఈ ఫోను తరచూ వస్తూనే ఉంటుంది. గుణుపురం నుంచి గోదాము హోయిస్టు (బస్తాలు ఎత్తి దించే యంత్రం) కోసం అడుగుతారు, పర్లాకిమిడి నుంచి కాంక్రీటు మిక్సరు కోసం అడుగుతారు. ఒక్కోసారి అటు మహారాష్ట్ర బల్లార్షా నుంచి మనవాళ్లే కన్వేయరు కోసం చేస్తారు. అందరూ హెచ్.పి. చెప్పి ఆంప్స్ అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: "మోటారును ఆపి తిప్పుతారా, తిరుగుతుండగానే వెనక్కి తిప్పుతారా?" అవతల కాసేపు మాట ఉండదు. జవాబంతా అందులోనే ఉంది కాబట్టి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం రెండు ముక్కల్లో అయిపోతుంది. కాంటాక్టర్ అంటే లోపలి కాయిల్‌కు కరెంటు ఇస్తే పడి, మోటారుకు లైను కలిపే స్విచ్. త్రీ ఫేజు మోటారుకు వెళ్లే మూడు ఫేజుల్లో ఏ రెండింటిని తారుమారు చేసినా అది వెనక్కి తిరుగుతుంది. ఒక కాంటాక్టర్ ఫేజులను ఉన్న వరుసలోనే ఇస్తుంది, రెండోది రెండింటిని మార్చి ఇస్తుంది. రెండూ ఒకేసారి పడితే ఆ మార్చిన రెండు ఫేజులు నేరుగా కలిసిపోయి పెద్ద షార్టు అవుతుంది. సింగిల్ ఫేజు మోటారుకు ఈ పద్ధతి పనికిరాదు. దానికి స్టార్టింగ్ వైండింగ్ కొసలు మార్చాలి, అది వేరే కథ.

దగ్గర పెట్టుకోవలసినవి

- మోటారు నేమ్ ప్లేట్ ఫోటో. "పది హెచ్.పి. అనుకుంటా" అన్న మాట మీద కొనకండి.
- ఒకే మోడలు, ఒకే సైజు కాంటాక్టర్లు రెండు
- ఆ మోడలుకే సరిపోయే మెకానికల్ ఇంటర్‌లాక్ కిట్
- ఒక్కోదానికి కనీసం ఒక ఎన్.ఓ. (మామూలుగా తెరిచి ఉండి, కాంటాక్టర్ పడితే మూసుకునేది), ఒక ఎన్.సి. (మామూలుగా మూసి ఉండి, పడితే తెరుచుకునేది) ఆగ్జిలరీ కాంటాక్టు, అంటే కంట్రోల్ వైరింగుకు వాడే చిన్న కాంటాక్టు. లిమిట్లు (హద్దు చేరగానే ఆపే స్విచ్‌లు), ల్యాంపులు ఉంటే ఇంకో యాడ్-ఆన్ బ్లాకు తీసుకోండి.
- ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే తెంపేది) ఒకటి, ఎం.పి.సి.బి. (మోటారు రక్షణ బ్రేకర్) గాని ఫ్యూజులు గాని
- కంట్రోల్ సర్క్యూట్‌కు 2 ఆంప్స్ ఎం.సి.బి.
- ఫేజు సీక్వెన్స్ రిలే (వద్దనుకునే ముందు ఏడో మెట్టు చదవండి)
- మల్టీమీటర్, క్లాంప్ మీటర్, మంచి స్క్రూడ్రైవరు

పనికి దిగే ముందు మెయిన్ దించి, తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకోండి. మిల్లులో ఎవరో ఒకరు "కరెంటు పోయినట్టుంది" అంటూ వచ్చి ఎత్తేస్తారు. లైసెన్సున్న వైర్‌మన్ లేకుండా ఈ పని చేయకండి.

1. ఫుల్ లోడ్ కరెంటు తెలుసుకోండి

నేమ్ ప్లేట్ మీద ఆంపియర్లు ఉంటాయి. అరిగిపోయి కనబడకపోతే 415 వోల్టుల దగ్గర సుమారుగా ఇలా లెక్క వేసుకోవచ్చు: 3 హెచ్.పి.కి 5 ఆంప్స్, 5 హెచ్.పి.కి 7.5, 7.5 హెచ్.పి.కి 11, పదికి 14.5, పదిహేనుకు 21, ఇరవైకి 28. ఇవి మామూలు నాలుగు పోల్ మోటారు లెక్కలు. స్పీడు తక్కువ మోటార్లు, నాలుగైదు సార్లు రీవైండింగు అయిన మోటార్లు ఇంతకంటే ఎక్కువ లాగుతాయి. రీవైండింగు మోటారైతే నేమ్ ప్లేట్‌ను కూడా పూర్తిగా నమ్మకండి. క్లాంప్ మీటర్‌తో చూసి రాసుకోండి.

2. మోటారుతో ఏ పని చేయిస్తున్నారో తేల్చుకోండి

కాలిపోయిన కాంటాక్టర్లు పట్టుకుని నా దగ్గరకు వచ్చినవాళ్లలో చాలామంది తప్పిన మెట్టు ఇదే.

కాంటాక్టర్ పక్కన గాని, కేటలాగులో గాని ఏసీ-3, ఏసీ-4 అని రెండు రేటింగులు కనిపిస్తాయి. దుకాణంలో "25 ఆంప్స్" అని చేతిలో పెట్టేది ఏసీ-3 రేటింగు. మోటారును స్టార్ట్ చేసి, అది పూర్తి వేగం అందుకుని నడుస్తున్నాక ఆపే పనికి ఇచ్చిన లెక్క అది. స్టార్టింగులో ఆరేడు రెట్లు కరెంటు వచ్చినా, తెంపేటప్పుడు కాంటాక్టులు తెంపేది మామూలు నడక కరెంటునే.

ఏసీ-4 అంటే మోటారు వేగం అందుకోకముందే తెంపడం. బటన్‌ను తాకి వదిలి తాకి వదిలి బస్తాను అంగుళం అంగుళం జరపడం, తిరుగుతున్న మోటారును ఆపకుండా రివర్స్ కొట్టడం ఈ లెక్కలోకి వస్తాయి. అప్పుడు కాంటాక్టులు ఆ ఆరేడు రెట్ల స్టార్టింగు కరెంటునే ప్రతిసారీ తెంపాలి. పూర్తి వేగంలో ఉండగా రివర్స్ కొడితే కరెంటు స్టార్టింగు కన్నా కూడా కాస్త ఎక్కువే వస్తుంది. కాంటాక్టుల మీది వెండి మిశ్రమం కరిగి, చివరికి రెండూ అతుక్కుపోతాయి.

కాబట్టి మీ పని ఈ మూడింటిలో ఏదో తేల్చుకోండి.

ఆపి, నిలిచాక తిప్పేవి: కాంక్రీటు మిక్సరు, అప్పుడప్పుడు ఇరుక్కున్న చెరకును వెనక్కి తీసే గానుగ, రోజుకు రెండుసార్లు కదిలే కాలువ గేటు. వీటికి ఏసీ-3 చాలు.

తాకి వదిలేవి: హోయిస్టు, క్రేను ట్రాలీ, సా మిల్లు బండి. వీటికి ఏసీ-4 లెక్కే చూడండి.

ఆపకుండా తిప్పేవి: అటూ ఇటూ తిరిగే షటిల్ కన్వేయరులాంటివి. ఇవీ ఏసీ-4 కిందికే వస్తాయి. ఐతే ముందు యజమానితో "రెండు సెకన్లు ఆగి తిరిగితే ఏమైనా నష్టమా?" అని అడిగి చూడండి. నష్టమేమీ లేదంటారు చాలాసార్లు. మధ్యలో ఒక టైమర్ పెడితే పని ఏసీ-3లోకి దిగివస్తుంది, ఖర్చూ తగ్గుతుంది.

3. కేటలాగులో సైజు పట్టుకోండి

ఉదాహరణకు 7.5 హెచ్.పి., 11 ఆంప్స్ మోటారు తీసుకోండి. ఆపి తిప్పే పనైతే కాగితం మీద 12 ఆంప్స్ ఏసీ-3 సరిపోతుంది. నేను 18 పెడతాను. మన లైన్లలో వోల్టేజి పడిపోయినప్పుడల్లా మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ మాత్రం ఊపిరి ఉండాలి. అదే మోటారు హోయిస్టు మీద ఉంటే కేటలాగులో ఏసీ-4 గడిలో 11 గాని అంతకు మించి గాని ఉన్నది వెతకండి. చాలా మోడళ్లలో ఏసీ-4 రేటింగు ఏసీ-3లో సగం దగ్గర తిరుగుతుంది. కాబట్టి మీ వేలు వెళ్లి 25 మీదో 32 మీదో ఆగుతుంది. దుకాణదారు "ఇంత పెద్దదెందుకు బావా" అని నవ్వుతాడు. నవ్వనివ్వండి.

కేటలాగులో ఎన్ని ఆపరేషన్లకు ఆ రేటింగు ఇచ్చారో కూడా చూడండి. రోజుకు 200 లిఫ్టులు, లిఫ్టుకు ఐదు తాకింపులు అనుకుంటే రోజుకు వెయ్యి ఆపరేషన్లు. ఏసీ-4 గడి పక్కన రెండు లక్షల ఆపరేషన్లు అని ఉంటే, ఆ కాంటాక్టులు 200 పని దినాలకు మార్చుకోవలసినవే. అది కంపెనీ మోసం కాదు, మన వాడకం. అంత తొందరగా మార్చడం ఇష్టం లేకపోతే ఇంకో సైజు పైకి వెళ్లండి.

రెండు కాంటాక్టర్లూ ఒకే సైజు ఉండాలి. "రివర్స్ ఎప్పుడో గాని వాడం" అని రెండోది చిన్నది పెట్టేవాళ్లున్నారు. ఇరుక్కున్నప్పుడు రివర్స్ లాగే కరెంటే ఎక్కువ. పైగా సైజులు వేరైతే మెకానికల్ ఇంటర్‌లాక్ సరిగా కూర్చోకపోవచ్చు.

చంద్రపూర్, బల్లార్షా వైపు చదువుతున్నవాళ్లకు ఒక మాట. అక్కడ మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది, ఎండలో ఉన్న రేకు ప్యానెల్ లోపల ఇంకా ఎక్కువ. రేటింగు ఎన్ని డిగ్రీల దగ్గర ఇచ్చారో చూడండి, ఒక సైజు పెంచండి, ప్యానెల్‌ను నీడకు మార్చండి.

4. కాయిల్ వోల్టేజి

230 వోల్టుల కాయిల్ అందరి దగ్గరా దొరుకుతుంది, అందుకే అందరూ అదే కొంటారు. ప్రమాణాల ప్రకారం కాయిల్ 85 శాతం వోల్టేజి దగ్గర కూడా పట్టుకోవాలి. 230కి అది సుమారు 195. లైను చివర ఉన్న మిల్లుల్లో సాయంత్రం పూట మోటారు స్టార్ట్ అవుతున్న క్షణంలో 180 కూడా ఉండదు. అప్పుడు కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటుంది. ఒక్కో కొట్టుడుకు ఒక నిప్పురవ్వ, అలా నాలుగు రోజులు కొట్టుకుంటే కాంటాక్టులు అతుక్కుంటాయి.

మీ దగ్గర వోల్టేజి అలా పడుతుంటే 24 వోల్టుల డీసీ కాయిల్ తీసుకుని, ఎస్.ఎం.పి.ఎస్.తో (లైను ఏసీని డీసీగా మార్చే చిన్న పవర్ సప్లైతో) నడపండి. మామూలు ఎస్.ఎం.పి.ఎస్.లు 85 నుంచి 264 వోల్టుల దాకా ఏది వచ్చినా లోపల 24 నిలబెడతాయి. రెండు కాయిల్‌లలో ఒకసారికి ఒకటే పడుతుంది కాబట్టి పెద్దది అక్కర్లేదు. ఐతే కాయిల్ లాగే వాట్లు చూసి కొనండి. చేతిలో పట్టుకునే పెండెంట్ బటన్లకు కూడా 24 వోల్టులు క్షేమం. వర్షాకాలంలో తడిచేతులతో 230 వోల్టుల పెండెంట్ పట్టుకోమని నేనెవరికీ చెప్పను. పాత పద్ధతిలో 110 వోల్టుల కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా తప్పులేదు, కానీ అది లైనుతో పాటే పడుతుంది.

5. ఇంటర్‌లాక్‌లు: రెండూ పెట్టండి

మెకానికల్ ఇంటర్‌లాక్ రెండు కాంటాక్టర్ల మధ్య కూర్చుంటుంది. ఒకటి లోపలికి పడితే రెండోదాన్ని కదలనివ్వదు. ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్ అంటే ఫార్వర్డ్ కాంటాక్టర్ ఎన్.సి.ని రివర్స్ కాయిల్ లైనులోనూ, రివర్స్‌దాన్ని ఫార్వర్డ్ కాయిల్ లైనులోనూ వేయడం.

ఒక్కటి చాలదా అంటారు. చాలదు. ఎలక్ట్రికల్ ఒక్కటే ఉంటే, ఎవరైనా స్క్రూడ్రైవరుతో కాంటాక్టర్‌ను నొక్కి చూసినప్పుడు దాన్ని ఆపేది ఏమీ ఉండదు. మెకానికల్ ఒక్కటే ఉంటే, రెండో కాయిల్‌కు కరెంటు వెళ్తుంది కానీ కాంటాక్టర్ కదలలేదు. ఏసీ కాయిల్ అలా ఇరుక్కుపోతే తొలి దెబ్బ కరెంటును లాగుతూనే ఉండి కొద్దిసేపట్లో కాలిపోతుంది. "నెలకో కాయిల్ పోతోంది, కంపెనీ మాల్ బాలేదు" అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఎన్.సి. వైర్లనే.

ఎన్.సి. కొనేటప్పుడు అది మిర్రర్ కాంటాక్టేనా అని అడగండి. మెయిన్ కాంటాక్టు అతుక్కుపోతే ఆ ఎన్.సి. మూసుకోకుండా ఉంటుందని దాని అర్థం.

6. ఓవర్‌లోడ్, షార్టు

ఓవర్‌లోడ్ రిలే ఒక్కటే చాలు. రెండు కాంటాక్టర్ల అవుట్‌పుట్‌లు కలిశాక, మోటారుకు వెళ్లే దారిలో పెట్టండి. సెట్టింగు మోటారు నేమ్ ప్లేట్ ఆంప్స్ మీదే పెట్టాలి. కాంటాక్టర్ సైజు చూసి పెట్టకండి. హోయిస్టులాంటి పనుల్లో మాటిమాటికీ ట్రిప్ అవుతోందని సెట్టింగు పెంచేస్తారు. అలా పెంచితే మోటారుకు రక్షణ పోయినట్టే. వైండింగులో వేడిని పసిగట్టే థర్మిస్టర్ ఉన్న మోటారైతే దాని రిలే పెట్టుకోండి.

ముందున్న ఎం.పి.సి.బి. గాని ఫ్యూజు గాని కాంటాక్టర్ కంపెనీ చార్టులో చెప్పినదే వేయండి. టైప్-2 కోఆర్డినేషన్ అని ఉన్న వరుస చూడండి. షార్టు అయ్యాక కూడా కాంటాక్టర్ మళ్లీ వాడుకునే స్థితిలో ఉంటుంది.

7. ఫేజు వరుస కాపలా

ఇది నా సొంత తప్పు. కొన్నేళ్ల కిందట ఒక గోదాములో హోయిస్టు ప్యానెల్ కట్టాను. పైన లిమిట్, కింద లిమిట్ అన్నీ చూసి అప్పగించాను. తరువాత వానలకు లైను తెగి, బాగు చేసిన మర్నాడు ఫోను. "పైకి నొక్కితే కిందికి పోతోంది మేస్త్రీ!" బాగుచేసేటప్పుడు ఎక్కడో రెండు ఫేజులు మారాయి. అంతవరకే ఐతే నవ్వుకోవచ్చు. పై లిమిట్ స్విచ్ "పైకి" కాయిల్ లైనులో ఉంటుంది కదా. కుర్రాడు "కిందికి" నొక్కితే కొక్కెం పైకి వెళ్లింది, పై లిమిట్‌ను తాకింది, లిమిట్ తెరుచుకుంది. కానీ అది తెంపింది వేరే కాయిల్‌ను. కొక్కెం వెళ్లి డ్రమ్ముకు కొట్టుకుంది. కింద ఎవరూ లేరు కాబట్టి తాడు, డ్రమ్ము ఖర్చుతో పోయింది.

అప్పటి నుంచి పైకీ కిందికీ పోయే ఏ ప్యానెల్‌కైనా ఫేజు సీక్వెన్స్ రిలే లేకుండా కట్టను. దాని కాంటాక్టును కంట్రోల్ లైను మొదట్లోనే వేయండి. వరుస మారినా, ఒక ఫేజు పోయినా అసలు స్టార్టే అవ్వదు. మిక్సరు, గానుగలాంటివాటికి తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. జనరేటర్ ఉన్న ప్రతిచోటా పెట్టండి.

8. పవర్ వైరింగు

ఇన్‌కమింగ్ ఆర్, వై, బి ఫేజులు రెండు కాంటాక్టర్ల 1, 3, 5 టెర్మినళ్లకు సమానంగా వెళ్లాలి. అవుట్‌పుట్‌లో ఫార్వర్డ్ 2, 4, 6 వరుసగా మోటారు టెర్మినళ్లు యు, వి, డబ్ల్యుకి. రివర్స్‌లో 2 డబ్ల్యుకి, 4 వికి, 6 యుకి.

మార్పు ఒకవైపే చేయండి. పైనా కిందా రెండుచోట్లా మారిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మోటారు రెండు బటన్లకూ ఒకేవైపు తిరుగుతుంది. ఎంత పాత మేస్త్రి అయినా ఏదో ఒక రోజు ఈ పని చేసి, రెండు గంటలు బుర్ర గోక్కునే ఉంటాడు.

9. కంట్రోల్ వైరింగు

ఫేజు నుంచి ఎం.సి.బి., ఫేజు సీక్వెన్స్ రిలే, ఓవర్‌లోడ్ 95-96 (ట్రిప్ ఐతే తెరుచుకునే ఎన్.సి.), ఎమర్జెన్సీ, స్టాప్ బటన్. అక్కడి నుంచి రెండు దారులు. ఒక్కో దారిలో ఆ వైపు బటన్, దానికి పక్కగా సొంత ఎన్.ఓ. హోల్డింగు (బటన్ వదిలినా కాయిల్‌ను పట్టి ఉంచేది), ఆ వైపు లిమిట్ స్విచ్, ఎదుటి కాంటాక్టర్ ఎన్.సి., చివర కాయిల్. హోయిస్టుకు హోల్డింగు వేయకండి, వేలు తీస్తే ఆగాలి.

బటన్ ఇంటర్‌లాక్ గురించి ఒక తిరకాసు ఉంది. ఫార్వర్డ్ బటన్ వెనక ఎన్.సి.ని రివర్స్ దారిలో, రివర్స్‌దాన్ని ఫార్వర్డ్ దారిలో వేయడం అదనపు భద్రత అని పుస్తకాల్లో చదివి అందరికీ వేస్తారు. అది వేస్తే స్టాప్ నొక్కకుండానే రివర్స్ బటన్‌తో మోటారు తిరగబడుతుంది. అంటే మీరు ఏసీ-3 లెక్కన కొన్న కాంటాక్టర్‌తో ఏసీ-4 పని చేయిస్తున్నట్టే. ఆపి తిప్పాలనుకుంటే హోల్డింగు ఉన్న ప్యానెల్‌లో ఇది వేయకండి. అప్పుడు స్టాప్ నొక్కనిదే రివర్స్ తీసుకోదు. ఐనా ఆపరేటరు స్టాప్ నొక్కిన వెంటనే రివర్స్ కొడతాడు, బరువున్న లోడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దానికి టైమరే మందు.

బటన్ల పైన అక్షరాలకంటే బాణం గుర్తులు మేలు. మా దగ్గర షావుకారు తెలుగు చదువుతాడు, హెల్పరు ఒడియా, ఆపరేటరు హిందీ. బాణం అందరికీ ఒకటే.

కరెంటు ఇచ్చే ముందు, ఇచ్చాక చూడవలసినవి

మోటారు కేబుల్ విప్పి ఉంచండి. విప్పకపోతే వైండింగు గుండా మీటరు అన్నింటికీ బీప్ కొడుతుంది. మెయిన్ దించి, ఫార్వర్డ్ కాంటాక్టర్‌ను చేత్తో నొక్కండి. ఆర్ నుంచి యు, వై నుంచి వి, బి నుంచి డబ్ల్యు మోగాలి. రివర్స్ నొక్కితే ఆర్ డబ్ల్యుకి, బి యుకి మోగాలి. ఏదీ నొక్కనప్పుడు ఏదీ మోగకూడదు. రెండూ కలిపి నొక్కి చూడండి, ఒకటి గట్టిగా అడ్డం తిరగాలి.

తరువాత పవర్ ఫ్యూజులు తీసేసి కంట్రోల్ మాత్రం ఇవ్వండి. ఫార్వర్డ్ పడి ఉండగా రివర్స్ బటన్ నొక్కి, రివర్స్ కాయిల్ టెర్మినళ్లు ఏ1-ఏ2 మీద వోల్టేజి చూడండి. సున్నా రావాలి. బటన్ ఇంటర్‌లాక్ వేసిన ప్యానెల్ ఐతే బటన్ నొక్కగానే ఫార్వర్డ్ పడిపోతుంది, పరీక్ష జరగదు. అక్కడ ఫార్వర్డ్‌ను ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవరుతో నొక్కి పట్టి చూడండి. కాంటాక్టర్ కదలలేదు కదా అని సంతోషపడకండి. అది మెకానికల్ ఇంటర్‌లాక్ ఆపినట్టు కూడా కావచ్చు. కాయిల్ మీద వోల్టేజి ఉంటే ఎన్.సి. తప్పు. లిమిట్లను చేత్తో నొక్కి, ఏది ఏ కాయిల్‌ను తెంపుతోందో రాసుకోండి.

చివరగా మోటారు కలిపి, వీలైతే కప్లింగ్ విప్పి, బటన్‌ను ఒక్కసారి తాకి వదలండి. దిక్కు సరిగా ఉంటే మూడు ఫేజుల కరెంటు రెండు దిక్కుల్లోనూ కొలవండి. ఫార్వర్డ్‌లో మూడూ సమానంగా ఉండి, రివర్స్‌లో మోటారు గుర్రుమంటూ ఒక ఫేజు సున్నా చూపిస్తే తప్పు రివర్స్ కాంటాక్టర్‌లోనో దాని స్క్రూలోనో ఉంది. మోటారును అనుమానించకండి. రెండు దిక్కుల్లోనూ అదే ఫేజు తక్కువగా ఉంటే కాంటాక్టర్ల అవతల ఓవర్‌లోడ్, కేబుల్, మోటారు, ఇవతల లైను చూడండి. దిక్కు తిరగబడితే మోటారు దగ్గర రెండు వైర్లు మార్చండి, ప్యానెల్ లోపల ముట్టుకోకండి.

అరగంట లోడు మీద నడిపాక మెయిన్ దించి టెర్మినళ్లు చూడండి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ స్క్రూ వదులు. వారం తరువాత స్క్రూలన్నీ మరోసారి బిగించండి. కేబుల్ వచ్చే చిల్లులకు గ్లాండ్లు వేయండి. ఊకదుమ్ము ఒక ఎత్తు, బల్లులు ఒక ఎత్తు. వెచ్చగా ఉంటుందని ప్యానెల్‌లోకి దూరిన బల్లి రెండు ఫేజుల మధ్య పడితే మీరు పెట్టిన ఇంటర్‌లాక్‌లేవీ దాన్ని ఆపలేవు.

కాంటాక్టర్లు లేకుండా పని జరగదా?

జరుగుతుంది. స్పీడు కూడా మార్చాలన్నా, రోజుకు వేల సార్లు తిప్పాలన్నా వి.ఎఫ్.డి. (మోటారు స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) తీసుకోండి. అది లోపలే దిక్కు మారుస్తుంది. వి.ఎఫ్.డి.కీ మోటారుకూ మధ్య మళ్లీ రివర్స్ కాంటాక్టర్లు పెట్టకండి, నడుస్తుండగా అవి తెరుచుకుంటే డ్రైవ్ పోతుంది. 3 హెచ్.పి. లోపు, ఎప్పుడో ఒకసారి తిప్పే పనికి చేత్తో తిప్పే క్యామ్ స్విచ్ చాలు, ఐతే కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు దానంతటదే స్టార్ట్ అవుతుందని గుర్తుంచుకోండి. వైరింగు మీద నమ్మకం లేకపోతే ఇంటర్‌లాక్‌లతో సహా కంపెనీలోనే కట్టి వచ్చే రివర్సింగ్ సెట్ కొనండి. తాకి వదిలే పనో, ఆపకుండా తిప్పే పనో ఐతే కొనేటప్పుడు అక్కడ కూడా ఏసీ-4 గడే చూడండి.